బంతికీ స్టిక్కుకీ మధ్య

జూలై 6, ఆదివారం

బోరు మోటార్ల కంపెనీవాళ్ళు ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ మోటార్లు చుట్టే నా అంగట్లో రాగితీగ గేజీలు, చుట్ల లెక్కలు రాసుకోవడానికే పనికొచ్చింది. ఈ రోజు నుంచి ఇందులో వేరే సంగతులు కూడా రాసుకోవాలి. ఎందుకంటే శాంతన్న మా నోళ్ళు కట్టేశాడు.

మా వడమాలపేట హాకీ జట్టుకు ఈ ఏడాదికి యాభై నిండాయి. ఆగస్టు 29, క్రీడా దినోత్సవం నాడు పండగ చేస్తున్నాం. క్లబ్బు గది గోడకు ఒక పెద్ద కలంకారీ గుడ్డ వేలాడదీయాలని, దాని మీద మా జట్టు చరిత్ర అంటే ఎవరో చెప్పే పదకొండు మందిని బొమ్మలుగా గీయించాలని తీర్మానించాం. గీసేది శ్రీకాళహస్తిలో. ఆ పదకొండు మందిని ఎంచే కమిటీలో నలుగురం: పాత కెప్టెన్ శాంతన్న, ఆయన కూతురు స్టెల్లా (రాష్ట్రం తరఫున ఆడి ఇప్పుడు మా పిల్లలకు కోచింగు ఇస్తోంది), మామిడి మండీ మునికృష్ణ, నేను.

శాంతన్న మొదటి మాటే ఇది: "ఎవుడి పేరు వాడు చెప్పకూడదప్పా. ఇంకొకడి పేరే చెప్పాల. చెప్పినోడు ఎందుకో కూడా చెప్పాల."

బాగుంది. పద్ధతిగా ఉంది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, ఇక్కడ అడిగితేనే పెట్టరట.

నాకేం ఆశ లేదు. యాభై అయిదేళ్ళు వచ్చాయి, నాకు బొమ్మెందుకు? అయినా 1992 ఫైనలు లేకుండా ఈ జట్టుకు చరిత్ర ఎక్కడుంది? చిత్తూరులో, కాళహస్తి జట్టు మీద, ఆఖరి రెండు నిమిషాలు ఉండగా మునికృష్ణ డీ బయట నుంచి, అంటే గోలు ముందుండే అర్ధచక్రపు గీత అవతల నుంచి, కొట్టిన బంతిని నేను స్టిక్కుతో దారి మళ్ళించి గోల్లో వేశాను. మేము గెలిచిన ఒకే ఒక్క జిల్లా కప్పు అది. అందరికీ తెలిసిందే. ఎవరో ఒకరు చెప్తారు.

జూలై 7

మునికృష్ణ చెప్పాలి కదా. చెప్పకపోతే మాత్రం నాకేం.

జూలై 13, ఆదివారం

రెండో మీటింగు. మూడు గంటలు సాగింది, అయిదుగురు తేలారు.

ముందు గిరిప్రసాద్ దగ్గరే గొడవ. వాడు రైల్వే జట్టుకు ఆడాడు, పేపర్లో ఫోటో పడింది. ఆ తర్వాత ఊరి మొహం చూడలేదు.

"ఊరొదిలి పోయినోడు ఊరి జట్టుకు చరిత్ర ఎట్ల అవుతాడు?" అన్నాడు మునికృష్ణ.

"పేపర్లో వడమాలపేట అనే నాలుగక్షరాలు పడింది వాడి వల్లనే కదా చిన్నాయనా" అంది స్టెల్లా.

"నాలుగు కాదు, ఆరు" అని వేళ్ళు మడిచాడు మునికృష్ణ. దాని మీద ఇంకో పావుగంట. చివరకు గిరిప్రసాద్ ఉన్నాడు, కానీ మూలన, రైలు పక్కన నిలబడినట్టు. అది మునికృష్ణ షరతు.

తర్వాత చెంగయ్య. విరిగిన స్టిక్కులకు సైకిల్ ట్యూబు చుట్టి, జిగురు పూసి, ఒక్కోదాన్ని మూడేళ్ళు ఆడించిన మనిషి. రైటు బ్యాకు ఆడేవాడు, అంత గొప్పగా ఆడేవాడు కాదు. "ఆడింది ఎట్లున్నా, ఆడించింది వాడు" అన్నాను నేను. నెగ్గింది. మునిరామయ్య విషయంలో గొడవే లేదు. గొర్రెలు తోలుకొచ్చి గ్రౌండు గట్టున వదిలి, చెప్పుల్లేకుండా వింగులో పరిగెత్తేవాడు. వాడి వెనక పరిగెత్తలేక చిత్తూరు పోలీసు జట్టువాళ్ళు ఇద్దరు వాంతి చేసుకున్నారు. స్టెల్లా పేరు నేనే చెప్పాను, అందరూ ఒప్పుకున్నారు. ఆ పిల్ల సిగ్గుపడి బయటకు పోయి పంపులో నీళ్ళు తాగి వచ్చింది.

అయిదో పేరు మునిరత్నం మాస్టరుది. డెబ్భై అయిదులో ఆరు స్టిక్కులు, ఒక విజిలుతో జట్టు పెట్టింది ఆయనే. కానీ ఒక్క మ్యాచి కూడా ఆడలేదు. పదకొండు మంది ఆటగాళ్ళని అనుకున్నప్పుడు ఆడనివాడు ఎలా వస్తాడని మునికృష్ణ అడ్డం తిరిగాడు.

శాంతన్న లేచి నిలబడి మాట్లాడాడు. "మన జట్టోళ్ళు అంపైరుకు అబద్ధం చెప్పరని జిల్లా అంతా పేరుండె. అనుమానం వస్తే అంపైరు మనోళ్ళనే అడిగేవాడు. పేట పిల్లకాయలు చెప్తే అదే తీర్పు. ఏ జట్టుకప్పా అట్లాంటి పేరుండాది? అది నేర్పింది ఎవురు? కప్పులు పక్కన పెట్టు. మన చరిత్ర అదే."

అందరం చప్పట్లు కొట్టాం. నేను కూడా కొట్టాను.

నా పేరు ఈ రోజు రాలేదు.

జూలై 16

మునికృష్ణను పుత్తూరు తీసుకుపోయి నెయ్యి కారం దోశ తినిపించాను. రెండు తిన్నాడు. తొంభై రెండు ఫైనలు సంగతి నేను ఎత్తలేదు. చిత్తూరు సంగతి ఎత్తాను. ఆ ఫైనలు ఆడిన దసరా సెలవుల సంగతి ఎత్తాను. వాడు తోతాపురి మామిడి ధర సంగతే మాట్లాడాడు.

ఇంటికి వస్తే నిర్మల అడిగింది: "ఏంది, దోశ తిన్నోడి మాదిరి లేవే? తినిపించినోడి మాదిరి ఉండావు."

ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి దగ్గర ఏదీ దాగదు. దాదాపు ఏదీ.

జూలై 20, ఆదివారం

చెప్పాడు!

పది పేర్లు అయిపోయాయి. మునికృష్ణ పేరు కూడా వచ్చేసింది, నేనే చెప్పాను, మనస్ఫూర్తిగానే. ఒక్క చోటు మిగిలింది. వాడు చేయి ఎత్తాడు.

"ధనంజయ" అన్నాడు. "నేను కొట్టింది డీ బయట్నుంచి. బయట్నుంచి కొట్టింది గోల్లో పడినా లెక్కకు రాదు. డీ లోపల మనోడి స్టిక్కు ఎవుడిదైనా తగలాల. అది తగిలించింది వీడు. ఇన్నేండ్లూ నా నోట్లో ఆ గోలు నాదే అని ఉండె, మీకు తెలుసు. కొట్టింది నేను కదా అని. కాదు. వీడు తాకకుంటే అది గోలే కాదు, మనకు కప్పే లేదు. వీడిదే అది."

నా భుజం మీద చేయి వేశాడు. మామిడి సొన మరకలున్న చేయి.

చెప్పడానికి ఏముంది, సంతోషం. గుడ్డ నడిమధ్యలో ఆ గోలు బొమ్మే పెద్దగా రావాలని తీర్మానించారు. చుట్టూ మిగతా పదిమంది.

ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదు, సంతోషానికే. బంతి స్టిక్కు కొసకు తగిలింది. 'టిక్' మని చప్పుడు కూడా విన్నాను. బాగా గుర్తుంది.

జూలై 24

ఫోటోలన్నీ సంచిలో వేసుకుని శ్రీకాళహస్తికి పోయివచ్చాను. గీసే ఆయన పేరు బాలసుబ్రమణ్యం. నా ఈడువాడే, సన్నగా, కళ్ళజోడు మెడలో దారానికి వేలాడేసుకుని ఉంటాడు. కరక్కాయ పొడి, బర్రెపాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరేసిన గుడ్డ నేల మీద పరిచి ఉంది. ఇల్లంతా ఆ పాలవాసన.

పద్ధతి చెప్పాడు: "ముందర కాల్చిన చింతపుల్లతో గీస్తా. అది బొగ్గు, నచ్చకుంటే దులిపేస్తే పోతాది. ఆ తర్వాత కసిం పెడతా. బెల్లము, ఇనప తుక్కు ఊరేసిన నల్లనీళ్ళు అది. గుడ్డకు తగిలినంక ఇంగ ఎవురొచ్చినా పోదు. కాబట్టి ఏం చెప్పినా కసిం పెట్టేలోపల చెప్పాల."

గోలు సంగతి మొత్తం చెప్పాను. ఆట తెలియనివాళ్ళకు చెప్పి చెప్పి నాకు ఇది పద్యంలా నోటికి వచ్చేసింది. ఆయన తల వంచుకుని విన్నాడు.

"గోల్‌కీపరు ఏం చేసినాడప్పుడు?" అని అడిగాడు.

"వాడా! బంతి వస్తా ఉంటే చేతులు కట్టుకున్నట్టు నిలబడి చూస్తా ఉన్నాడు. కాలు కూడా ఎత్తలే. కాళహస్తి దిష్టిబొమ్మ అని పేరు పడిపోయింది వాడికి. అట్లనే గీయి సామీ, నోరు తెరుచుకోని, దిష్టిబొమ్మ మాదిరి. పిల్లోళ్ళు చూసి నవ్వాల."

"సరే" అన్నాడు. మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, "ఒకటి చెప్పు. బంతి నీ స్టిక్కుకు యాడ తగిలింది? కొసనా, వంపులోనా? గీసేటప్పుడు ఆనించాల కదా" అన్నాడు.

వచ్చే వారం చెప్తానన్నాను. బస్సుకు టైమవుతోందన్నాను. బస్సు అరగంటకొకటి ఉంది.

జూలై 25

చప్పుడు జనం కేకల్లో వినబడి ఉండకపోవచ్చు. కానీ చేతికి అదురు తెలిసింది. అది చాలు.

జూలై 28

స్టిక్కు కొస అని చెప్పాలా, వంపు అని చెప్పాలా? వంపు అంటే బాగుంటుంది.

ఈ రోజు ఒక అయిదు హార్సుపవరు మోటారు తప్పు చుట్టి ఇచ్చాను. ముప్పై రెండేళ్ళలో మొదటిసారి. రైతు తెచ్చి బల్ల మీద పెట్టి, "ఏమప్పా ధనంజయా, తిరగమంటే ఏడస్తా ఉండాది" అన్నాడు. మళ్ళీ విప్పి చుట్టాను.

జూలై 31

తగిలే ఉంటుంది.

ఆగస్టు 3, ఆదివారం

మళ్ళీ కాళహస్తి. వంపు అని చెప్పేద్దామని పోయాను.

గుడ్డ మీద బొగ్గుతో అందరూ వచ్చేశారు. మునిరత్నం మాస్టరు పెద్ద కళ్ళతో, విజిలుతో. మునిరామయ్య కాళ్ళ దగ్గర గొర్రెపిల్ల. గిరిప్రసాద్ రైలు కిటికీ పక్కన, మునికృష్ణ కోరినట్టే. నడిమధ్యలో నేను, పులిలాగా ముందుకు దూకుతూ. నేనెప్పుడూ అంత అందంగా లేను. బంతి నా స్టిక్కుకు కొంచెం ముందు ఒంటరిగా ఉంది. గోల్లో కీపరు నిలబడి ఉన్నాడు. నోరు తెరిచి లేదు. మామూలుగా, తిన్నగా నిలబడి బంతిని చూస్తున్నాడు.

"దిష్టిబొమ్మ మాదిరి లేడే?" అన్నాను నవ్వుతూ.

బాలసుబ్రమణ్యం చింతపుల్ల పక్కన పెట్టాడు. "ఆడ నిలబడి ఉండింది నేనేనప్పా" అన్నాడు.

నా సంచి చేతిలోంచి జారింది. ఆయనే వంగి తీసి ఇచ్చాడు.

"ముసుగేసుకోని ఉంటి కదా, నువ్వు గుర్తు పట్టలే. నేనూ ఫోటోలు చూసినంకనే పట్టినా. కోపం లేదులే. నీ బొమ్మ బాగానే గీస్తా, అది నా పని. కానీ ఒక సంగతి. ఆ బంతి బయట్నుంచి రావడం చూసినా. లోపల ఎవురికీ తగల్లేదనుకున్నా. తగలని బంతిని నేను ఆపబోయి, నా కాలికి తగిలి ఇంకొకడికి దొరికితే అప్పుడు ఆపద. అందుకే వదిలేసినా. కీపరు చేయాల్సింది అదే. నువ్వు తగిలిందంటివి. పేట పిల్లకాయలు అబద్ధం చెప్పరంటారు కదా. అయితే నా కళ్ళే తప్పు చూసినాయని అనుకున్నా. ఆ తర్వాత ఎప్పుడు గోల్లో నిలబడినా, వస్తా ఉండే బంతి లోపలిదా, బయటిదా, తగిలిందా, లేదా అని అనుమానమే. నా కళ్ళను నేను నమ్మలేక మానేసినా."

తర్వాత మామూలుగానే అడిగాడు. "ఇప్పుడు చెప్పు. బంతికీ స్టిక్కుకీ మధ్య సందు పెట్టాల్నా, వద్దా?"

పదిహేనో తేదీ కసిం పెడతాడట. ఆ లోపల చెప్తానన్నాను. ఈసారి బస్సు పేరు ఎత్తలేదు.

ఆగస్టు 4

ఇది నా డైరీ. ఇది చదివేవాడు నేనొక్కడినే. ఇందులో కూడా నెల రోజులుగా అబద్ధమే రాస్తున్నాను.

తగల్లేదు.

బంతి వస్తుంటే పరిగెత్తాను. గులకరాళ్ళ మీద కాలు జారి బోర్లా పడ్డాను. స్టిక్కు ముందుకు చాచాను కానీ అప్పటికే బంతి నా ముందు నుంచి పోయింది. దుమ్ము. గోలు చెక్కకు ధడేల్మని తగిలిన చప్పుడు, అదొక్కటే విన్నాను. అంపైరుకు దుమ్ములో కనబడలేదు. నా దగ్గరకు వచ్చి వంగి, "ఏమప్పా, తగిలిందా?" అని మెల్లగా అడిగాడు. నేను వడమాలపేటవాణ్ణి కాబట్టి అడిగాడు. వేరే జట్టువాణ్ణయితే అడిగేవాడు కాదు, గోలు కాదనేవాడు.

ఆయన భుజం మీదుగా చూస్తే మునికృష్ణ రెండు చేతులూ పైకెత్తి పరిగెత్తుకొస్తున్నాడు. వాడి వెనక శాంతన్న ఏడుస్తున్నాడు, సంతోషానికి. "తగిలింది సార్" అన్నాను.

కీపరు నా వైపు ఒకసారి చూశాడు. తిట్టలేదు. నేల వైపు చూసుకున్నాడు. తర్వాత నన్ను ఎవరో భుజాల మీదికి ఎత్తుకున్నారు, ఇంకేమీ కనబడలేదు.

రెండే మాటలు. దానికి ఆయన ముప్పై మూడేళ్ళు తన కళ్ళను అనుమానించాడు. నేను ముప్పై మూడేళ్ళు దాన్ని పద్యంలా పాడుకున్నాను. సిగ్గుగా ఉంది. ఎలా రాసినా ఆ మాటే వస్తోంది.

చెప్తే నా బొమ్మ పోతుంది. నా బొమ్మ పోతే పోనీ. కప్పు పోతుంది, మునిరత్నం మాస్టరు తెచ్చిన పేరు పోతుంది, మునికృష్ణ చేతులెత్తి పరిగెత్తింది పోతుంది. చెప్పకపోతే పదిహేనో తేదీ కసిం పడుతుంది.

ఆగస్టు 6

నిర్మలకు చెప్పాను. పొయ్యి దగ్గర నిలబడి, మజ్జిగపులుసు కలియబెడుతుండగా. పెళ్ళిచూపుల్లో కూడా ఆ గోలు కథే చెప్పాను ఆమెకు, ఆ కథ అబద్ధమనే మొదట ఒప్పుకున్నాను.

గరిటె ఆపి నన్ను కాసేపు చూసింది. "దాన్ని విని నేనేదో మురిసిపోయి ఒప్పుకున్నానని అనుకుంటా ఉండావా ఇన్నేండ్లూ? ఆ హాకీ ఏందో నాకు ఇప్పటికీ తెల్దు. మా నాయన నీకిచ్చింది నువ్వు మోటార్లు బాగా చుడతావని. చుట్టింది కాలిపోతే ఊరికే మళ్ళా చుట్టిస్తావని."

"ఇప్పుడేం చేయమంటావు?"

"అదే చెప్తి కదా. కాలిపోయింది, విప్పి మళ్ళా చుట్టు. పులుసులోకి రవంత ఉప్పు అందుకో."

ఆగస్టు 10, ఆదివారం

చెప్పేశాను. నలుగురం క్లబ్బు గదిలో కూర్చున్నాక, ఎవరూ ఏమీ మొదలుపెట్టక ముందే. కళ్ళు కప్పు మీద పెట్టి చెప్పాను. ఆ కప్పులోనే విజిళ్ళు, తాళాలు వేసి పెడతాం.

ముందు మునికృష్ణ నవ్వాడు, ఎకసెక్కం చేస్తున్నాననుకుని. తర్వాత నవ్వు ఆగింది.

"ముప్పై మూడేండ్లుగా గోలు నాదంటి. కాదు, పాసు మాత్రమే నాదని మొన్న ఒప్పుకుంటి కదరా. అది పాసు గూడా కాదా? ఉత్త బయట బంతా?" అని లేచాడు. "పోయిన నెల నీ పేరు నేనే చెప్తినే! నా నోటితో!" తలుపు ధడేల్మని వేసి పోయాడు. నిమిషానికి మళ్ళీ వచ్చి, మరిచిపోయిన బండి తాళం తీసుకుని మళ్ళీ ధడేల్మని వేసి పోయాడు.

శాంతన్న మొహం చూడలేకపోయాను. చివరకు, "ఆ పిల్లోడు ఎట్లుండాడు? కాళహస్తి పిల్లోడు?" అని అడిగాడు. మా అందరికీ అరవై దగ్గర పడుతున్నా ఆయనకు కాళహస్తి కీపరు ఇంకా పిల్లోడే. బాలసుబ్రమణ్యం చెప్పిందంతా చెప్పాను.

"అన్నా, నా పేరు తీసేయండి" అన్నాను.

"ఎవుడి పేరు వాడు చెప్పకూడదంటి కదా" అన్నాడు శాంతన్న. "పెట్టమనీ చెప్పకూడదు, తీసేయమనీ చెప్పకూడదు."

"మరి కప్పు?"

దానికి స్టెల్లా బదులు చెప్పింది. ఆ పిల్ల ఏ మ్యాచి గురించి చెప్పినా ముందు గడియారమే చూస్తుంది. "అది గోలు కాదంటే ఆట నిలబడే ఉండాది నాయనా. సున్నా సున్నా. ఇంగా రెండు నిముషాలు ఉండాది. ఆడేస్తే సరిపోలా?"

శాంతన్న కూతుర్ని తేరిపార చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

ఆగస్టు 11

మునికృష్ణ ఫోను ఎత్తడం లేదు.

ఆగస్టు 12

పొద్దున అంగడి ముందు మండీ వ్యాను ఆగింది. మునికృష్ణ ఒక కాలిన మోటారు దించి, బల్ల మీద ఎత్తేశాడు. చూస్తే అది కాలనే లేదు. స్విచ్చి తీగ ఊడిందంతే, చిన్నపిల్లవాడైనా పెట్టుకుంటాడు. బుద్ధిగా మరలు విప్పాను.

"రెండు రోజులు బాగా ఆలోచన చేసినా" అన్నాడు గోడ వైపు తిరిగి. "అంపైరు నన్ను అడిగి ఉంటే నేనేం చెప్పి ఉంటానా అని."

"ఏం చెప్పి ఉంటావు?"

"అది నీకెందుకు? నీ పని నువ్వు చూడు." మళ్ళీ తనే, "బొమ్మలో నువ్వు ఉండాల. తీసేసేకి లేదు. కానీ ఆ పులి మాదిరి దూకేది వద్దు. ఎట్ల పడినావో అట్లనే ఉండాల, బోర్లా. నోట్లో మన్ను కూడా ఉండాల. జట్టంటే అదీ ఉంటాది కదప్పా" అన్నాడు.

తీగ బిగించి స్విచ్చి వేశాను. మోటారు చక్కగా తిరిగింది. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం, అదేదో పెద్ద వింతైనట్టు.

ఆగస్టు 15, శుక్రవారం

కప్పును తువాలులో చుట్టుకుని మునికృష్ణ, నేను కాళహస్తికి పోయాం. బస్సులో వాడు దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్కన కూర్చున్నామె గుళ్ళో ఇచ్చే వెండి బిందె అనుకుని రెండుసార్లు దండం పెట్టింది. మేము కాదనలేదు.

బాలసుబ్రమణ్యం కప్పు తీసుకోలేదు. "విజిళ్ళు యాడ పెట్టుకుంటారు మళ్ళా?" అన్నాడు. ఆయన అడిగింది ఒక్కటే. "మా జట్టోళ్ళు ముగ్గురు ఈ వీధిలోనే ఉండారు. టీ అంగడి కాడ కూచుంటారు. వాళ్ళ ముందర ఒక్కసారి చెప్పు. చాలు."

చెప్పాను. ముగ్గురు ముసలివాళ్ళు, చేతుల్లో గ్లాసులు. 'బంతి తగల్లేదు, మీ కీపరు సరిగ్గానే చూశాడు, అబద్ధం నాది' అని చెప్పాను. ఒకాయన పైకి కిందికి నన్ను చూసి ఒక మాట అన్నాడు, అది రాయను, న్యాయమైన మాటే. ఇంకొకాయన లేచి, తాను కూర్చున్న కుర్చీ ఎత్తి బాలసుబ్రమణ్యం వెనక వేశాడు. "కూచో రా సుబ్బూ" అన్నాడు. ఆయన కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి చొక్కా కొసతో చాలాసేపు తుడిచాడు. మునికృష్ణ నాకు వినబడేలా ముక్కు చీదాడు.

తిరిగి ఇంటికి పోయి ఆయన గుడ్డ ముందు కూర్చున్నాడు. పులిని దులిపేశాడు, ఒక్క విసురుకు పోయింది. అక్కడ బోర్లా పడిన మనిషిని గీశాడు. తర్వాత కలం కసింలో ముంచి నా వైపు చూశాడు.

"ఎంత సందు?"

"వేలెడు" అన్నాను.

"వేలెడే?"

"ఆ, వేలెడు."

ఆయన మమ్మల్ని టీ తాగి రమ్మని పంపించాడు. వచ్చేసరికి గుడ్డ మడిచి గోడకు తిప్పి పెట్టి ఉంది. పండగ నాడే చూడాలట.

ఆగస్టు 29, శుక్రవారం

ఈ రోజుది ఈ రోజే రాయాలి.

సాయంత్రం నాలుగింటికి గుడ్డ విప్పారు. ఊరంతా వచ్చింది. నోట్లో మన్నుతో బోర్లా పడిన నన్ను చూసి పిల్లకాయలు విరగబడి నవ్వారు. నిర్మల అందరికన్నా గట్టిగా నవ్వింది. కీపరు తిన్నగా నిలబడి ఉన్నాడు. పదకొండు మంది కాక పన్నెండో మనిషి అయ్యాడు. 'ఇది మన చరిత్ర, ఇందులో ఇతను కూడా ఉండాల్సిందే' అని శాంతన్న మైకులో చెప్పాడు. ఎందుకో కూడా చెప్పాడు, దాచకుండా. నేను లేచి నిలబడ్డాను. ఎవరో చప్పట్లు కొట్టారు. నాకు కాదు, బాలసుబ్రమణ్యానికి. అవి ఆగలేదు.

నేను దగ్గరకు పోయి చూశాను. బంతికీ స్టిక్కుకీ మధ్య సందు వేలెడు లేదు. జానెడు ఉంది. అటు తిరిగి చూస్తే ఆయన గట్టు మీద కూర్చుని కాళ్ళకు ప్యాడ్లు కట్టుకుంటున్నాడు.

అయిదు గంటలకు మిగిలిన రెండు నిమిషాలు ఆడాం. మా వైపు తొమ్మిది మంది, కాళహస్తివాళ్ళ వైపు ఎనిమిది. మోకాళ్ళు లెక్కపెడితే అందులో సగం. స్టెల్లా విజిలు ఊదింది. మొదటి నిమిషమంతా బంతి వెనక నడిచాం. రెండో నిమిషంలో మునికృష్ణకు చిక్కింది. డీ బయటే. వాడు చూశాడు, నేను చూశాను, వాడు నవ్వాడు, కొట్టాడు.

వచ్చింది బంతి. నేను లోపలే ఉన్నాను. ఈసారి జారలేదు. స్టిక్కు చాచాను, నిజంగానే చాచాను, తగిలించాలనే. నడుము వంగలేదు. పోయింది.

బాలసుబ్రమణ్యం కదల్లేదు. చేయి ఎత్తలేదు, కాలు ఎత్తలేదు. బంతి ఆయన పక్క నుంచి పోయి చెక్కకు ధడేల్మని తగిలింది. గట్టు మీద కాళహస్తి ముసలివాళ్ళు ముగ్గురూ లేచి నిలబడ్డారు.

స్టెల్లా పరిగెత్తుకొచ్చింది. ఆ పిల్లకు అంతా కనబడింది, దుమ్ము కూడా లేదు. అయినా నా దగ్గరకు వచ్చి వంగి అడిగింది.

"ఏం చిన్నాయనా, తగిలిందా?"

"లేదమ్మా" అన్నాను. "జానెడు దూరంలో పోయింది."

గోల్లోంచి ఆయన గొంతు వినబడింది, ముసుగు లోపలి నుంచి.

"నేను చూసినా."